కుడి భుజం మీది గుర్తు

రోడ్డు మీద బండి గుద్ది చనిపోయిన ఫువాతినో శవాన్ని చూడటం పూర్తయ్యాక డాక్టర్ ఫిలెము చేతులు కడుక్కుని రెండో బల్ల దగ్గరికి వచ్చింది. దాని మీద, అదే బండిలో ఉండి చనిపోయిన ఇయోనా ఉన్నాడు. పాతికేళ్లవాడు. చేమదుంపల మూటలు ఎత్తి ఎత్తి గట్టిపడ్డ ఒళ్లు. ముఖం మీద చిన్న గీత కూడా లేదు. ఎవరైనా వస్తే నిద్రపోతున్నాడనుకుని లేపబోయేటట్టున్నాడు. కానీ ఆమె అరచేతిని అతని కుడి డొక్క మీద ఆనించి కాస్త అదిమేసరికి లోపల ఎముకలు ఒకదాని మీద ఒకటి రాసుకుని కరకరలాడాయి.

"ఊపిరితిత్తిలోకి దిగాయి" అంది నర్సు మసేలాతో. "పెద్ద రక్తనాళం కూడా తెగి ఉంటుంది. బండి టక్కున ఆగినా లోపల గుండె ఆగదక్కా, ముందుకు ఊగుతుంది. అక్కడ తెగుతుంది."

మసేలా ఆ ఊళ్లోనే పుట్టి, ఆ ఆసుపత్రిలోనే జుట్టు నెరిసిన మనిషి. తడిగుడ్డతో కుర్రాడి చెవుల వెనక ఇసుక తుడుస్తూ, "ఎక్కువసేపు పడ్డాడా తల్లీ బాధ?" అని అడిగింది.

"లేదు. నాలుగు ఊపిర్లు తీసుంటాడు, అంతే."

ఫిలెము దీపం కిందికి లాగి ఛాతీ మీదికి వంగింది. కుడి భుజం దగ్గర మొదలై, రొమ్ముకు అడ్డంగా, ఎడమ నడుము దాకా అరచేయి వెడల్పున కమిలిన చార. బెల్టు గుర్తు. ఆమె చూపుడు వేలితో ఆ చార వెంబడి గాలిలో ఒక గీత గీసింది. కుడి భుజం మీద బెల్టు పడిందంటే కుడి సీటు. కుడి సీటంటే స్టీరింగు ముందు సీటు. సముద్రం అవతల సువాలో వైద్యం చదువుకునే రోజుల్లో ఇలాంటి ఛాతీలు ఎన్ని చూసిందో ఆమెకే తెలియదు.

పోలీసు కిరిఫి గుమ్మం దాటి లోపలికి రాలేదు. టోపీ చేత్తో పట్టుకుని, బల్లల వైపు చూడకుండా కిటికీలోకి చూస్తూ మాట్లాడాడు. "బండి ఇంకా సముద్రంలోనే ఉంది డాక్టరమ్మా. రాళ్ల మధ్య తిరగబడిపోయింది. అలలు తగ్గితేగానీ తియ్యలేం. లోపలున్న ఇద్దరినీ ఊరోళ్లే ఒడ్డుకి లాగారు. ఆ వానలో ఎవడు ఎటు కూర్చున్నాడో ఎవరికి తెలుసు? బతికినోడు, ఆ సేతూగాడు, గుర్తులేదంటున్నాడు. ఆ బండిని ఇద్దరూ నడుపుతారు. ఎవడు నడిపాడో తేలకపోతే నాకు తలనొప్పి. ఫువాతినో మొగుడింటి ముందు మోకాళ్ల మీద కూర్చోవాల్సిందెవరో ఊరికి తెలియాలి కదా."

"నడిపింది ఇతనే" అంది ఫిలెము.

ఎలా తెలిసిందని కిరిఫి అడగలేదు. ఆమె చెప్పనూ లేదు. చెప్పే అలవాటు ఆమెకు తక్కువ. రాజధాని నుంచి ఈ దీవికి వచ్చిన కొత్తలో ప్రతిదానికీ కారణం అడిగేవాళ్లతో విసిగి, మాట పొదుపు చేయడం నేర్చుకుంది. కిరిఫి టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. మసేలా గుడ్డ పిండి, మళ్లీ తడిపి, కుర్రాడి నుదుటి మీద వేసింది.

"అయ్యో, అపేలూ" అంది, అక్కడ లేని ఇయోనా తండ్రిని తలుచుకుని. "గోరుచుట్టు మీద రోకటిపోటంటే నీదే."

మర్నాడు తెల్లారకముందే అపేలు తన తమ్ముళ్లనూ కొడుకులనూ వెంటబెట్టుకుని ఫువాతినో ఇంటి ముందుకు వెళ్లాడు. ఇంట్లో అన్నిటికన్నా విలువైన సన్నచాప తల మీదుగా కప్పుకుని, వాకిట్లో గులకరాళ్ల మీద మోకాళ్లు వేసి, తల వంచుకుని కూర్చున్నాడు. దీన్ని ఇఫోగా అంటారు. తమవాడి చేతిలో ప్రాణం పోతే, పోయిన మనిషి ఇంటి ముందు ఆ కుటుంబం చాప కింద కూర్చుంటుంది. లోపలివాళ్లు వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే ఏమైనా కావచ్చు. ఎత్తేదాకా చాప కిందవాడు తల ఎత్తకూడదు, చెయ్యి ఎత్తకూడదు.

ఫిలెము అక్కడికి వెళ్లలేదు. ఆమె వార్డులో సేతూ దగ్గర ఉంది. సేతూ తల్లి లోసా మంచం పక్కన నేల మీద కూర్చుని తాటాకు విసనకర్రతో కొడుక్కి విసురుతోంది. ఆమె నోరు ఊరుకోదు. పిల్లాడు బతికినందుకు దేవుడికి, నర్సుకు, మందుసీసాలకు కూడా దండాలు పెడుతోంది.

"ఇయోనా వాళ్లింటికి రాత్రి అన్నం మోసుకెళ్లి వచ్చానమ్మా" అంది. "వాళ్లమ్మని పట్టుకుని ఏడ్చాను. ఇద్దరూ ఒక్క కంచంలో తిన్న పిల్లలు. మావాడు బతికాడని ఆవిడ ముందు నవ్వలేను, ఏడవలేను."

"గట్టిగా ఊపిరి పీల్చు" అంది ఫిలెము సేతూతో.

సేతూ సగం పీల్చి ఆగిపోయాడు. రొమ్ము ఎముక మధ్యలో పగిలింది. దాని మీద చర్మం నల్లగా కమిలి ఉంది. బండి ముందు పలక తగిలిందని ఆమె మొదటి రోజే అనుకుంది. ఇవాళ స్టెతస్కోపు చల్లటి బిళ్ల ఆ కమిలిన చోటికి జరిపి ఆపేసింది. కమిలింది అడ్డపట్టీలా లేదు. వంపు తిరిగి ఉంది. రెండు కొసలూ పైకి లేచి, గిన్నె అంచు ఒత్తుకున్నట్టు.

"ఏంటమ్మా?" అంది లోసా.

"ఏం లేదు" అంది ఫిలెము. స్టెతస్కోపు మెడకు తగిలించుకుని బయటికి వచ్చి వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. పలక అంచు వంకరగా ఉండొచ్చు. కుర్రాడు పక్కకు తిరిగి పడి ఉండొచ్చు. బెల్టు పెట్టుకోని మనిషి ఎటు పడతాడో దేవుడు కూడా ముందుగా చెప్పలేడు. ఇలా తనకు తాను ఎన్నో సర్దిచెప్పుకుంది, కానీ కుదురుగా ఒకచోట నిలబడలేకపోయింది.

మధ్యాహ్నం దాటాక అపేలు ఆసుపత్రికి వచ్చాడు. నడిచే వచ్చాడు. ఎడమచేత్తో రొమ్ము అదిమి పట్టుకుని, ఒక్కో అడుగూ అడిగి వేస్తున్నట్టు వచ్చాడు. మసేలా పరుగెత్తి పట్టుకోబోతే వద్దని తల ఊపాడు.

"జారి పడ్డాను" అన్నాడు. "మా పెరట్లో నాచు."

చొక్కా విప్పి చూస్తే ఎడమ రొమ్ము కింద పిడికిలంత వాపు. మధ్యలో చర్మం చీరుకుపోయి నల్లరాతి ధూళి అంటుకుని ఉంది. నాచు మీద పడ్డ దెబ్బ ఎలా ఉంటుందో మసేలాకు తెలుసు. ఆమె డాక్టరు వైపు తిరిగి చప్పుడు రాకుండా పెదాలు కదిపింది. ఫువాతినో చిన్నకొడుకు విసిరాడు.

ఫిలెము వేళ్లతో ఒక్కో పక్కటెముకా తడుముతూ వచ్చింది. ఆరో ఎముక దగ్గర ముసలాయన కళ్లు మూసుకున్నాడు. రాయి వచ్చి తగిలినా చాప కింద ఈయన కదలలేదన్నమాట. ఎండలో మధ్యాహ్నం దాకా, కొడుకు శవం ఇంట్లో పెట్టుకుని.

"కట్టు కట్టు డాక్టరమ్మా, బిగించి" అన్నాడు అపేలు. "రేపు గొయ్యి తవ్వాలి."

"కట్టకూడదండీ. కడితే ఊపిరి ఆడదు. తవ్వడం మీ అబ్బాయిలు చూసుకుంటారు."

"ఫువాతినో మొగుడు తఫూనా మంచివాడు" అన్నాడు అపేలు, ఎవరూ అడగకుండానే. "ఆలస్యమైనా చాప ఎత్తాడు. పెళ్లాం శవం పక్కన కూర్చున్నవాడు లేచి వచ్చి ఎత్తాడు. ఆ పిల్లాడి తప్పు కూడా లేదు. వాడి తల్లి కదా."

మాత్రలు పొట్లం కట్టి ఇచ్చాక కూడా లేవలేదు. తన పెద్దపెద్ద చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని నేల చూస్తూ కూర్చున్నాడు.

"ఒక్క మాట అడగనా? మీకు ఛాతీ చూస్తే అన్నీ తెలుస్తాయంట."

"అడగండి."

"మావాడు బ్రేకు వేశాడా? ఆమె కనపడి ఉంటే వేసేవాడే. వెయ్యకుండా ఉండడు. అది తెలుస్తుందా ఛాతీలో?"

ఫిలెము తెలియదని తల అడ్డంగా ఊపింది. ఆయన సరేనన్నట్టు తల ఊపి, లేచి, అంతే నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు సముద్రం శాంతించింది. పక్క ఊరి నుంచి క్రేను వచ్చిందని విని ఫిలెము రోగుల వరస మధ్యలోనే వదిలేసి బయల్దేరింది. మసేలా వెనకనుంచి పిలుస్తున్నా ఆగలేదు. రోడ్డు పక్క నల్లరాళ్ల మీద సగం ఊరు చేరి ఉంది. గొలుసులు బిగిశాయి, ఇంజను రొప్పింది, బండి నీళ్లు కారుస్తూ పైకి లేచి గాలిలో ఒక చుట్టు తిరిగి రోడ్డు మీద కూలబడింది. పైకప్పు నొక్కుకుపోయింది. కుడిపక్క తలుపు లోపలికి దిగిపోయింది.

ఆమె తలుపు ఊడిపోయిన ఎడమపక్క నుంచి లోపలికి చూసింది. స్టీరింగు ఎదురుగా ఉంది. ఎడమవైపు. కింది అంచు వంగి గిన్నెలా అయింది.

ఈ దేశంలో ఒకప్పుడు బండ్లు రోడ్డుకు కుడిపక్కన నడిచేవి. ఓ సోమవారం పొద్దున ప్రభుత్వం అందర్నీ ఎడమకు మార్చింది. మనుషులు మారారు, రోడ్డు మీద గీతలు మారాయి. పాత బండ్ల స్టీరింగులు మాత్రం ఉన్నచోటే ఉండిపోయాయి. ఆ సోమవారం నాడు ఫిలెము సువాలో పరీక్ష రాస్తోంది. తిరిగొచ్చాక ఆమె ఎక్కిన బండ్లన్నీ కొత్తవి.

ఆమె తడి బండిని పట్టుకుని నిలబడింది. అపేలు వాపు మీద అంటుకున్న నల్లధూళి ఆమె కళ్ల ముందు కదిలింది. ఆ రాయి విసిరింది ఎవరో పిల్లాడు కాదు, తనే అనిపించింది.

కిరిఫి పక్కకొచ్చి ఆమె చూస్తున్న చోటునే చూశాడు. అతను మొద్దు కాదు. కాసేపటికి అతనికీ అర్థమైంది.

"మీరు దేన్ని బట్టి చెప్పారు డాక్టరమ్మా?" అన్నాడు మెల్లగా.

"కుడి భుజం మీది గుర్తును బట్టి."

కిరిఫి చుట్టూ చూసి, ఆమె మోచేయి పట్టుకుని జనానికి దూరంగా తీసుకెళ్లాడు. "నా మాట వినండి. చాప ఎత్తేశారు. ఊరు చల్లబడింది. నిన్న సాయంత్రమే ఫువాతినోని పాతిపెట్టారు, ఎల్లుండి ఇయోనాని పాతిపెడతారు. ఇప్పుడొచ్చి వాడు కాదు, వీడు అంటే ఏమవుతుందో తెలుసా? ఇయోనా అన్నదమ్ములు నలుగురున్నారు. ముసలాయన రాయి తిన్నాడు. వాళ్లు సేతూ ఇంటిమీద పడతారు. నాకున్నది ఒక్క జీపు. నెలో, రెండు నెలలో ఆగి, నా కాగితాలు నేను చడీచప్పుడు లేకుండా దిద్దుకుంటాను. సేతూని కోర్టుకి తీసుకెళ్తాను. మీ పేరు బయటికి రాదు."

"ఇయోనా పేరు?"

"చచ్చిపోయినోడికి పేరుతో పనేముందమ్మా?"

ఆమె ఆసుపత్రి వైపు తిరిగింది. అతని మాట తప్పని అనలేకపోయింది. దారిపొడుగునా అతను చెప్పిందే చెవుల్లో తిరిగింది. మీ పేరు బయటికి రాదు. ఆ మాట తనకు ఎంత హాయిగా ఉందో తెలిసి ఆమెకు తన మీదే అసహ్యం వేసింది.

వార్డులో లోసా లేదు, నీళ్లకు వెళ్లింది. ఫిలెము సేతూ మంచం మీద కూర్చుని దుప్పటి కిందికి జరిపి ఆ వంపు గుర్తు మీద వేలు పెట్టింది.

"ఇది స్టీరింగు కదరా?"

సేతూ కప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు. కళ్ల కొసల నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. ఏడుపు వస్తే రొమ్ము కదులుతుంది, కదిలితే నొప్పి. అందుకని ఊపిరి బిగబట్టి ఏడ్చాడు.

"బ్రేకు వేశానమ్మా" అన్నాడు చివరికి. "వాడు కూడా చూసి అరిచాడు. వేశాను. జారిపోయింది. మా అమ్మకి చెప్పకండి."

మందుల గదిలో మసేలా దూది చుడుతోంది. ఫిలెము తలుపు వేసి అంతా చెప్పింది. మసేలా చుట్టడం ఆపలేదు. అంతా విని, "ఆ బండి పాతకాలం నాటిదని ఊళ్లో కుక్కకి కూడా తెలుసు" అంది. "నేను నీ పక్కనే ఉన్నానమ్మా, ఆ కుర్రాడి చెవులు తుడుస్తూ. ఇందుకని ఇలా అనుకుంటున్నానక్కా అని ఒక్క ముక్క పైకి అని ఉంటే చెప్పేదాన్ని కాదూ? గాలిలో గీత గీస్తే నాకేం తెలుస్తుంది?"

"ఇప్పుడేం చెయ్యను?"

"కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు పెద్దోళ్లు." మసేలా దూది ఉండ డబ్బాలో పడేసింది. "తీసుకోలేవు. కానీ ఆ ముసలాయన దగ్గరికి వెళ్లకపోతే నువ్వు ఈ వరండాలో తిరిగి తిరిగి నేల అరగదీస్తావు. పద, నేనూ వస్తా."

అపేలు ఇంటి ముందు, ఆ ఊరి ఆనవాయితీ ప్రకారం, కొడుకులు గొయ్యి తవ్వుతున్నారు. గోడల్లేని ఇల్లు. లోపల చాపల మీద ఆడవాళ్లు పూలు గుచ్చుతున్నారు. ఫిలెము చెప్పులు విప్పింది. లోపలికి వెళ్లలేదు. ఆసుపత్రి నుంచి తెచ్చిన తెల్లదుప్పటి తల మీద కప్పుకుని, గొయ్యి పక్కన తవ్విపోసిన మట్టి మీద మోకాళ్లు వేసింది. ఆమెకు సన్నచాప లేదు. ఇవ్వడానికి ఆ దీవిలో ఆమెకు అయినవాళ్లూ లేరు.

పారల చప్పుడు ఆగిపోయింది. దుప్పటి కింద తన ఊపిరే తనకు వేడిగా తగిలింది. ఎవరో లోపలినుంచి వచ్చే అడుగుల చప్పుడు, ఆగి ఆగి వేస్తున్న అడుగులు.

"ఎవరిది?" అన్నాడు అపేలు. "డాక్టరమ్మా? ఇదేంటి?"

ఆమె దుప్పటి కిందనుంచే చెప్పింది. బెల్టు గుర్తు, కుడి సీటు, ఎడమ స్టీరింగు. మీవాడు నడపలేదు. నేను తప్పు చెప్పాను. మీరు కూర్చోవాల్సిన పని లేదు. మాటలు ముక్కలుముక్కలుగా వచ్చాయి. మసేలా పక్కన నిలబడి ఒక్క ముక్క కూడా అందివ్వలేదు.

గొయ్యిలో ఉన్న పెద్దకొడుకు పార విసిరికొట్టి పైకి ఎగబాకబోయాడు. "కూర్చోరా" అన్నాడు అపేలు. పెద్దగా అనలేదు. కొడుకు గొయ్యి అంచున కూర్చున్నాడు.

దుప్పటి ఎత్తుతాడని ఫిలెము ఎదురుచూసింది. ఎత్తితే చాలు, ఏడ్చేసి ఇంటికి వెళ్లిపోవచ్చని ఆమెకు తెలియకుండానే అనుకుంటోంది.

అపేలు ఎత్తలేదు.

"లేవమ్మా" అన్నాడు. "నువ్వు మోకాళ్ల మీద కూర్చుంటే నాకేమొస్తుంది? నేను కూర్చున్నానుగా, అది చాలు. నువ్వు నోటితో అన్నావు. ఊరంతా నమ్మింది. నేనూ నమ్మాను. నా కొడుకు చేతిలో ఒక ఆడకూతురు చచ్చిపోయిందని నమ్మి, వాడి ముఖం చూడలేదు రెండు రోజులు. శవం పక్కన కూర్చుని ముఖం చూడలేదు." రొమ్ము అదిమి పట్టుకుని ఊపిరి అందుకున్నాడు. "ఎల్లుండి చర్చిలో ఊరంతా ఉంటుంది. ఆ నోటితోనే చెప్పు. ఆ తర్వాత చూద్దాం క్షమాపణ సంగతి."

ఆమె తనే దుప్పటి తీసుకుని లేచింది. వెళ్లబోతూ ఆగింది. "బ్రేకు వేశారు" అంది. "మీవాడు ఆమెని చూసి అరిచాడట."

అపేలు తల ఊపాడు. ఇంట్లోకి వెళ్లి ఆడవాళ్లను పక్కకు జరగమని, కొడుకు ముఖం మీది తెల్లగుడ్డ తీసి, వంగి చూస్తూ ఉండిపోయాడు.

చర్చి నిండిపోయింది. ఆడవాళ్లంతా తెల్లబట్టల్లో ఒకవైపు, ఊరి పెద్దలు ముందువరసలో. తఫూనా కూడా వచ్చాడు. చాప ఎత్తినవాడు అంత్యక్రియలకు రావాలి, అది మర్యాద. అతని కొడుకులు వెనక గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇయోనా అన్నదమ్ములు రెండో గుమ్మం దగ్గర. కిరిఫి జీపు బయట ఇంజను ఆపకుండా ఉంది.

పాట అయిపోగానే పాస్టరు ఫిలెము వైపు చూశాడు. ఆమె లేచి శవపేటిక పక్కకు వెళ్లింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నేను ఇయోనా ఛాతీ చూశాను" అంది. "కుడి భుజం మీద బెల్టు గుర్తు చూసి బండి నడిపింది ఇతనే అన్నాను. ఎందుకలా అనుకున్నానో ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే మీలో ఎవరైనా నన్ను దిద్దేవారు. ఆ బండికి స్టీరింగు ఎడమపక్క ఉంది. ఇయోనా పక్క సీట్లో కూర్చున్నాడు. అతను ఎవరినీ చంపలేదు. అపేలుగారు కూర్చోవాల్సిన చాప కాదది. తప్పు నాది."

నడిపింది ఎవరో ఆమె చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది. బండిలో ఉన్నది ఇద్దరే. తలలన్నీ ఆడవాళ్ల వరస వైపు తిరిగాయి.

లోసా చేతిలో విసనకర్ర ఆగిపోయింది. ఆమె ముఖంలో మొదట ఏమీ కనపడలేదు. లెక్క అందని పిల్లలా డాక్టరు వైపు, శవపేటిక వైపు, మళ్లీ డాక్టరు వైపు చూసింది. తర్వాత నోటికి అరచేయి అడ్డం పెట్టుకుంది. పక్కనున్న ఆడవాళ్లు కొద్దికొద్దిగా జరిగారు. ఆమె లేచింది. ఎవరి వైపూ చూడకుండా మధ్యదారి వెంట నడిచింది. ఎందుకు వెళ్తోందో, ఇంట్లో ఏ పెట్టె తెరిచి సన్నచాప తీయబోతోందో అక్కడున్న ప్రతివాళ్లకూ తెలుసు.

రెండు గుమ్మాల దగ్గరా కుర్రాళ్లు కదిలారు. ఇయోనా పెద్దన్న దారికి అడ్డం వచ్చి నిలబడ్డాడు. లోసా అతని ముందు ఆగింది. తల వంచుకుంది. పక్కకు తప్పుకుని వెళ్లడానికి కూడా చూడలేదు.

అపేలు బల్ల పట్టుకుని లేచాడు. "దారి ఇవ్వరా" అన్నాడు కొడుకుతో.

కొడుకు కదలలేదు. తండ్రి రొమ్ము వైపు, చొక్కా కింద వాపు ఉన్న చోటు వైపు చూశాడు. ఆయన ఇంకోసారి చెప్పలేదు, చూస్తూ నిలబడ్డాడు. కొంతసేపటికి కొడుకు పక్కకు జరిగాడు. లోసా బయటి ఎండలోకి వెళ్లిపోయింది.

అపేలు అప్పుడు ముందువరసలో కూర్చున్న తఫూనా వైపు తిరిగాడు.

"రేపు పొద్దున మీ ఇంటి ముందుకొస్తుంది" అన్నాడు. "ఎక్కువసేపు కూర్చోబెట్టకు తఫూనా. చాప కింద ఊపిరి ఆడదు."